అత్తగారిని తీసేసిన రోజు

ఆ రోజు పొద్దున్న నిద్ర లేస్తూనే కోడలు ఒక నిర్ణయానికి వచ్చింది. ఇవాళ ఏది ఏమైనా సరే, తన కంప్యూటర్లో పేరుకుపోయిన చెత్తంతా ఊడ్చి పారేయాలి. ఆ తర్వాతే మిగతా పని. ఈ సంగతి భర్తతో చెబితే ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ "మంచిదే" అన్నాడు. ఆయన ఏది చెప్పినా మంచిదే అంటాడు. విన్నాడని దానికి అర్థం కాదు.

కోడలి పని వీడియోలకు అక్షరాలు పెట్టడం. తెర మీద మనిషి మాట్లాడుతుంటే అడుగున వచ్చే వరుసలు, బొమ్మ పక్కన వచ్చే హెచ్చరికలు, ఇలాంటివన్నీ. వాటిని క్యాప్షన్లంటారు. వెనక గదిలో కూర్చుని ఇంటి నుంచే చేస్తుంది. అక్షరం ఎంత లావుండాలి, ఏ రంగు, వెనకాల పట్టీ ఉండాలా వద్దా, తెరలో ఎక్కడ నిలబడాలి, ఎలా వచ్చి ఎలా వెళ్లాలి అని ప్రతిసారీ మొదటినుంచీ పెట్టుకుంటూ కూర్చుంటే బతుకు తెల్లారిపోతుంది. అందుకని ఒకసారి బాగా కుదిరినదాన్ని ఒక స్టైల్‌గా దాచి, దానికో పేరు పెట్టుకుంటారు. మళ్లీ కావలసినప్పుడు ఆ పేరు నొక్కితే చాలు, కొత్త అక్షరాలు ఆ వేషమే వేసుకుని వచ్చేస్తాయి. ఆ స్టైల్‌ని ఒక్కచోట మారిస్తే, దాన్ని వాడిన ప్రతిచోటా తనంతట తానే మారిపోతుంది. సుఖం అక్కడే ఉంది. ప్రమాదమూ అక్కడే ఉంది.

మొదట్లో ఆమె ఈ స్టైళ్లకు 'పసుపు పెద్దది', 'పసుపు పెద్దది కొత్తది', 'పసుపు పెద్దది ఇదే' అని పేర్లు పెట్టేది. ఇదే అన్నది ఏదో వారం తిరిగేసరికి తనకే గుర్తుండేది కాదు. చివరికి విసుగొచ్చి ఇంట్లోవాళ్లను పెట్టేసింది. నల్లపట్టీ మీద లావుగా, పచ్చగా, వీధి చివరినుంచి కూడా కనబడే అక్షరాలు 'అత్తగారు'. సన్నగా, తెల్లగా, మెల్లగా వచ్చి ఎవరూ చదవకముందే తప్పుకునేవి 'మామగారు'. పక్కనుంచి గెంతుతూ వచ్చి రెండుసార్లు ఎగిరి కూర్చునేవి 'ఆడపడుచు'. వెనకున్న గోడలో కలిసిపోయి, ఉన్నాయో లేవో తెలియనివి 'మా ఆయన'. ఊరికి అటువైపు ఉండి ఆమెతో కలిసి అవే వీడియోలకు బొమ్మలు గీసే స్నేహితురాలికి ఈ పేర్లు తెగ నచ్చాయి. ఇద్దరికీ స్టైళ్లు దాచుకునే లైబ్రరీ ఒకటే కాబట్టి ఆమె తనవంతుగా 'అత్తగారు కోపంగా', 'అత్తగారు జ్వరంలో', 'మామగారు కళ్లజోడుతో' అని చేర్చుకుంటూ పోయింది. అలా బంధువర్గం పెరిగి పెరిగి, ఇప్పుడు కావలసినవాళ్లని వెతుక్కోవడానికే సగం పూట పడుతోంది.

ఆ సాయంత్రానికి ఒక లిఫ్టుల కంపెనీకి పన్నెండు చిన్న వీడియోలు పంపాలి. లిఫ్టు లోపలి బుల్లితెర మీద వచ్చే జాగ్రత్తలు. శబ్దం ఉండదు, చెప్పేదంతా అక్షరాలే చెప్పాలి. నచ్చితే ఏడాది పొడుగునా పని వాళ్లే ఇస్తామన్నారు. మేనేజరు మొదటి మూడూ చూసి, అంతా బాగుందిగానీ అక్షరాలు మరీ అరుస్తున్నట్టున్నాయన్నాడు. ఆ అరుస్తున్నవి 'అత్తగారు'.

కోడలు చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని స్నేహితురాలికి ఫోన్ చేసింది. సరిగ్గా అప్పుడే అసలు అత్తగారు టీ కప్పుతో ఆ గది గుమ్మం దగ్గరికి వచ్చారు. ఆవిడ ఒక పెద్ద బడికి హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరయిన మనిషి. చాటునుంచి వినే అలవాటు లేదు. కానీ తలుపు తెరిచే ఉంది, కోడలు అటు తిరిగి కూర్చుంది, మాట దానంతట అదే వచ్చి చెవిన పడింది.

"అవునే, అత్తగారు మరీ ఎక్కువైపోయింది. ఎటు చూసినా అదే. ఇవాళ తీసేస్తాను. తీసేస్తే ఎవరికీ తెలియను కూడా తెలియదు. మామగారా? ఉండనీ పాపం, ఏం అడ్డం? కాస్త సైజు తగ్గిస్తే సరిపోతుంది. మా ఆయన ఉన్నా లేకపోయినా ఒకటే."

అత్తగారు టీ కప్పుతో వెనక్కి తిరిగారు. తీసేస్తాననడం కన్నా 'అదే' అనడం ఆవిడ గుండెల్లో ఎక్కువ గుచ్చుకుంది. ఇన్నేళ్ల సర్వీసులో ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినవాళ్లు కూడా ఆవిడను 'మీరు' అనే అన్నారు. ఒక్క మాటలో ఇంటి కోడలు ఆవిడను మనుషుల్లోంచి వస్తువుల్లోకి మార్చేసింది.

హాల్లో పేపరు చదువుతున్న మామగారికి ఆవిడ విన్నది విన్నట్టు అప్పజెప్పారు. ఆయన పేపరు దించి, మొత్తం విని, "నా సైజుకేమయింది?" అన్నారు. ఇలాంటి మనిషితో మాట్లాడి లాభం లేదని ఆవిడ లోపలికి వెళ్లి చేతిసంచిలో రెండు జతల బట్టలూ కళ్లజోడూ పెట్టుకున్నారు. కూతురికి ఫోన్ చేసి వస్తున్నానని చెప్పారు. ఎందుకని కూతురు అడిగితే, మీ వదిన నన్ను తీసేస్తోంది, నన్ను తీసేసే అవకాశం ఎవరికీ ఇవ్వను, నేనే పోతాను అన్నారు. చెప్పులు వేసుకుంటూ మామగారితోనూ అదే అన్నారు. ఆవిడ ఒకసారి అనుకున్నారంటే అంతే. బడికి గోడ కట్టించాలనుకున్నప్పుడు కూడా అంతే. కట్టించారు.

మామగారు ఆవిడను ఆపాలనే అనుకున్నారు. కానీ అద్దం ముందు పక్కకు తిరిగి నిలబడి పొట్ట చూసుకుంటూ ఉండగానే ఆవిడ వెళ్లిపోయారు. ఇక చేసేదేముందని, ఆయన వాకింగుకి బయల్దేరారు.

వెనక గదిలో కోడలికి ఇదేదీ తెలియదు. చీపురు పట్టిన ఊపులో ఉంది. 'జ్వరంలో' పోయింది, 'కోపంగా' పోయింది, 'కళ్లజోడుతో' పోయింది. ఒక్కోదాన్ని తీసేస్తున్నప్పుడల్లా, ఇది పోతే మళ్లీ రాదు, నిజంగా తీసేయమంటావా అని తెర మీద ఒక పెట్టె వచ్చి అడుగుతోంది. నాలుగోసారికి ఆమెకు చిరాకొచ్చి, మళ్లీ అడగవద్దు అన్నదాని పక్కన టిక్కు పెట్టేసింది. ఆ తర్వాత అసలైన 'అత్తగారు' మీద నొక్కింది. దాన్ని తీసేసే ముందు దాని బదులు ఏది పెట్టాలో ఎంచుకోవాలి. 'మామగారు' మీద నొక్కాలనుకుంది. పేర్లు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. వేలు ఒక్క గడి కిందకి జారి 'ఆడపడుచు' మీద పడింది.

పన్నెండు వీడియోల్లోనూ క్షణంలో అత్తగారు మాయమై ఆడపడుచు దిగిపోయింది. మంటలు వస్తే లిఫ్టు వాడకండి అన్న మాట పక్కనుంచి గెంతుతూ వచ్చి, రెండుసార్లు ఎగిరి, నవ్వుతున్నట్టు కూర్చుంది. లిఫ్టు ఆగిపోతే కంగారు పడకండి అన్నదీ అలాగే ఎగిరింది. కోడలు వెనక్కి తిప్పడానికి నొక్కింది. తిరగలేదు. మళ్లీ నొక్కింది. ఆడపడుచు ఇంకోసారి గెంతింది. పోనీ అని ఒక వీడియోలో 'మామగారు' పెట్టి చూస్తే, హెచ్చరిక చదివేలోపే తప్పుకుంది; దీనికన్నా అత్తగారే నయమనిపించి తీసేసింది.

ఫోన్ తీసుకుని, గాలి ఆడక వెనక బాల్కనీలోకి వచ్చింది. స్నేహితురాలి కంప్యూటర్లో పాత లైబ్రరీ మిగిలి ఉంటుందని ఆశ. ఆమె చూసి, ఇక్కడా ఎగురుతోందే అంది. లైబ్రరీ ఒకటే కావడం వల్ల కలిగే సుఖం రెండువైపులా సమానంగా కలిగింది. సరిగ్గా పై బాల్కనీలో పై అంతస్తు ఆవిడ బట్టలు ఆరేస్తోంది. కిందనుంచి వణుకుతున్న గొంతు వినబడి ఆవిడ చేతిలో బట్ట అలాగే ఆగిపోయింది.

"అత్తగారు పోయిందే. పూర్తిగా పోయింది. ఇందాకే, నా చేతుల్లోనే. మామగారికేం కాలేదు, ఉన్నట్టే ఉన్నాడు. ఇప్పుడు ఏడ్చి ఏం లాభం? ఎలాగోలా సాయంత్రంలోపు పంపించెయ్యాలి. అందాకా ఎవరికీ చెప్పకు."

పై అంతస్తు ఆవిడ చెడ్డ మనిషి కాదు. కష్టంలో ఉన్నవాళ్లను ఒంటరిగా వదలకూడదన్నది ఆవిడ పట్టుదల. ఎవరికీ చెప్పకు అన్నది దుఃఖంలో అన్న మాటగా తీసుకుని, ముందు ఎదురింటివాళ్లకు చెప్పింది. వాళ్లు కిందివాళ్లకు చెప్పారు. ఎవరో ప్లాస్టిక్ కుర్చీలు తెచ్చారు. ఎవరో మంచినీళ్ల సీసాలు తెచ్చారు. మామగారు తలుపు దగ్గరగా వేసి వెళ్లారు కాబట్టి అందరూ చప్పుడు చేయకుండా హాల్లోకి వచ్చి కూర్చున్నారు. వెనక గది తలుపు అప్పటికే లోపల గడియ పెట్టి ఉంది. కోడలు లోపల అత్తగారి పక్కనే కూర్చుని ఉంటుందని, ఆ పిల్లను ఇప్పుడు కదిలించవద్దని పై అంతస్తు ఆవిడ అందరికీ చెప్పింది. నిజానికి కోడలు లోపల హెడ్‌ఫోన్లు తగిలించుకుని, పళ్లు బిగించి, పోయినదాన్ని జ్ఞాపకం మీద తిరిగి కట్టడానికి పోరాడుతోంది. పట్టీ ఎంత వెడల్పో గుర్తు రావడం లేదు.

మామగారు వాకింగు ముగించి మెట్లెక్కుతుంటే పై అంతస్తు ఆవిడ ఎదురొచ్చి, ధైర్యంగా ఉండాలి అన్నయ్యగారూ, ఇంత హఠాత్తుగా జరుగుతుందనుకోలేదు అంది. ఆయన ఆగి ఊపిరి తీసుకున్నారు.

"హఠాత్తుగా ఏముందమ్మా. పొద్దున్నుంచీ పోతాను, పోతాను అంటూనే ఉంది."

"అయ్యో. ఆ సమయానికి మీరు పక్కన లేరా?"

"వాకింగుకి వెళ్లాను."

పై అంతస్తు ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మామగారు ఆవిడ మొహం చూసి తనే ఓదార్చారు. మరేం ఫరవాలేదమ్మా, ఇదివరకు రెండుసార్లు ఇలాగే పోయింది, వారం తిరక్కుండా తనే వచ్చేసింది అన్నారు. ఆవిడ ఆయన చేయి పట్టుకుని, పాపం తట్టుకోలేకపోతున్నారని అందరికీ వినబడేటట్టు గుసగుసగా చెప్పి, జాగ్రత్తగా కుర్చీలో కూర్చోబెట్టింది. ఒక్క ఇల్లాలు అలిగి వెళ్తే ఇంతమంది పరామర్శకు వస్తారని మామగారు ఎప్పుడూ ఊహించలేదు. ఆవిడకు ఇంత పలుకుబడి ఉందని తెలిస్తే ముందే ఆపేవాడినని లోలోపల బాధపడ్డారు.

ఈలోగా చెల్లెలు ఫోన్ చేసి, అమ్మను వదిన తీసేస్తోందిట, నువ్వు ఆఫీసులో కూర్చుని ఏం చేస్తున్నావని అడిగేసరికి కొడుకు సగం పని వదిలేసి పరుగున వచ్చాడు. గుమ్మం ముందు గుట్టగా చెప్పులు. లోపల వరసగా కుర్చీలు. ఎవరో అతని భుజం మీద చేయి వేసి, అమ్మ పోయారు బాబూ అన్నారు. అతను అక్కడే చెప్పుల స్టాండు మీద కూలబడ్డాడు. పొద్దున్న వెళ్తూ అమ్మతో ఏం మాట్లాడానా అని తవ్వుకుంటే ఒక్క 'మంచిదే' తప్ప ఏమీ దొరకలేదు. దేనికన్నాడో కూడా గుర్తులేదు. కళ్లనిండా నీళ్లతో తండ్రివైపు చూశాడు.

"ఎలా జరిగింది నాన్నా?"

"ఎలా ఏముందిరా. సంచి తీసుకుంది, పోయింది."

"సంచి తీసుకుందా?"

"కళ్లజోడు కూడా తీసుకుంది," అన్నారు మామగారు.

కొడుకు ఈ మాటను అటు తిప్పీ ఇటు తిప్పీ చూసుకుంటూ ఉండగానే మెట్ల మీద అడుగుల చప్పుడయింది.

అత్తగారు బస్టాపులో చాలాసేపు కూర్చున్నారు. వచ్చిన బస్సు వచ్చినట్టే పోయింది, ఆవిడ ఎక్కలేదు. కూర్చున్నకొద్దీ పట్టుదల తగ్గలేదుగానీ, దాని దిశ మారింది. ఎంత అల్లరిపిల్లనైనా సరే, ఎందుకు చేశావని అడక్కుండా బడినుంచి ఏనాడూ పంపించలేదు. అలాంటిది కోడల్ని ఒక్క మాట అడక్కుండా తనే బడి వదిలి వచ్చేయడమేమిటి? మొహం మీదే అడగాలి. తీసేస్తే తీసేయనీ, కారణం చెప్పి తీసేయాలి. సంచి భుజాన వేసుకుని తిరిగి వచ్చేశారు.

గుమ్మంలోకి వచ్చేసరికి ఇంటినిండా జనం. అందరి వీపులూ ఆవిడవైపు, మొహాలు వెనక గది తలుపువైపు. పై అంతస్తు ఆవిడ కళ్లు తుడుచుకుంటూ, ఎంత గొంతండీ ఆవిడది, ఒక్క కేక వేస్తే మూడంతస్తుల పిల్లలూ పుస్తకాలు తీసేవాళ్లు, అయినా నేను జ్వరంతో పడుకుంటే ఒక పూటంతా పక్కన కూర్చున్నది ఆవిడేగా అంటోంది. అత్తగారు కాసేపు కదలకుండా విన్నారు. రిటైరైన రోజు సభలో కూడా ఎవరూ ఇంత బాగా చెప్పలేదు. కానీ తప్పును తప్పుగా వదిలేయడం ఆవిడ వల్ల కాదు.

"ఒక పూట కాదు. మూడు పూటలు."

కుర్చీలన్నీ ఒక్కసారి కిర్రుమన్నాయి. పై అంతస్తు ఆవిడ వెనక్కి తిరిగి, చూసి, ఉన్నచోటే కూర్చుండిపోయింది. అక్కడ కుర్చీ ఉండటం అదృష్టం. కొడుకు లేచి తల్లి చేయి పట్టుకుని, వేళ్లు ఒక్కొక్కటీ నొక్కి చూశాడు. మామగారొక్కరే స్థిమితంగా, ఈసారి తొందరగా వచ్చావే అన్నారు.

ఆ కలకలానికి వెనక గది తలుపు తెరుచుకుంది. హెడ్‌ఫోన్లు మెడలో, జుట్టు చెదిరి, కళ్లు ఎర్రబడి కోడలు బయటికి వచ్చింది. హాలంతా ఒకసారి కలయజూసింది. ఎవరు ఎందుకు వచ్చారో అడిగే ఓపిక కూడా ఆమెలో లేదు. నేరుగా అత్తగారిని చూసింది.

"అత్తయ్యా, మిమ్మల్ని డిలీట్ చేసేశాను. తిరిగి తీసుకురావడం నాకు చేతకావడం లేదు," అంది.

అత్తగారు సంచి కింద పెట్టి, నేను ఇక్కడే ఉన్నాను, ఏడవకుండా మొదటినుంచీ చెప్పు అన్నారు. కోడలు అందర్నీ లోపలికి పిలిచి తెర చూపించింది. పేర్ల సంగతి దాచలేదు. ఎవరి పేరు దేనికి పెట్టిందో చెబుతుంటే మొదట ఎవరూ నవ్వలేదు. తర్వాత పై అంతస్తు ఆవిడ ఆపుకోలేకపోయింది. కొడుకు మాత్రం తన పేరుతో ఉన్న స్టైల్ ఏదని అడిగాడు. చూపించారు. కనబడలేదన్నాడు.

అత్తగారు నవ్వనూ లేదు, కోప్పడనూ లేదు. కళ్లజోడు పెట్టుకుని, గెంతుతున్న హెచ్చరికను ఒకసారి పూర్తిగా చూశారు. మంటలు వచ్చినందుకు సంబరపడుతున్నట్టుంది అన్నారు. తర్వాత కుర్చీ లాక్కుని కోడలి పక్కన కూర్చున్నారు.

"వాళ్లు అరుస్తున్నట్టుందన్నారా? సరిగ్గానే అన్నారు. పెద్దగా రాయడం వేరు, అరవడం వేరు. ఆ నల్లపట్టీ ఎందుకు? తీసెయ్. నల్లబోర్డు మీద నేను చివరి బెంచీకి రాసినట్టు రాయి."

పోయినదాన్ని గుర్తు తెచ్చుకునే పని ఆ మాటతో మానేశారు. కొత్తగా మొదలుపెట్టారు. అక్షరం తెల్లగా, నిండుగా. చుట్టూ సన్నటి గీత. వరుసలు రెండుకు మించకూడదు. నెమ్మదిగా చదివేవాడు రెండుసార్లు చదువుకునేదాకా కదలకూడదు. గెంతడాలు లేవు, వచ్చి నిలబడాలి, పనయ్యాక వెళ్లాలి. పై అంతస్తు ఆవిడను హాలు చివర గుమ్మంలో నిలబెట్టి, అక్కడినుంచి చదవమన్నారు. ఆవిడ తడబడ్డచోటల్లా కోడలు అక్షరాల మధ్య ఖాళీ పెంచింది. వచ్చినవాళ్లకు అందాకా ఎవరూ పెట్టని టీ మామగారు పెట్టారు. అన్నీ కుదిరాక దాన్ని మళ్లీ 'అత్తగారు' అన్న పేరుతోనే స్టైల్‌గా దాచి, ఒక్కసారి నొక్కితే పన్నెండు వీడియోల్లోనూ ఆడపడుచు తప్పుకుని కొత్త అక్షరాలు నిలబడ్డాయి. స్నేహితురాలు ఫోన్లో, హమ్మయ్య, అత్తగారు వచ్చింది అంది. కోడలు, వచ్చారు అను అంది.

చీకటి పడకముందే వీడియోలు వెళ్లిపోయాయి. లిఫ్టుల మేనేజరునుంచి ఒక్క వాక్యం జవాబు వచ్చింది. ఇప్పుడు అరవడం లేదు, చెబుతున్నట్టుంది అని. ఏడాది పనీ వచ్చింది. కోడలు మిగిలిన స్టైళ్లన్నీ తీసేసి ఆ ఒక్కటే ఉంచుకుంది. తీసేసేముందు ప్రతిసారీ అడిగే ఏర్పాటు మళ్లీ పెట్టుకుంది.

కొన్నాళ్లకు అత్తగారు ఏదో పనిమీద ఒక పెద్ద భవనానికి వెళ్లి, లిఫ్టులో పైదాకా ఎక్కి, దిగి, పని అయిపోయినా మళ్లీ ఒకసారి ఎక్కి వచ్చారు. ఇంటికి రాగానే వెనక గది గుమ్మంలో నిలబడి, అక్షరాలు బాగానే ఉన్నాయిగానీ ఆ ఇరుకులో ఎటు తిరిగినా నేనే కనబడుతున్నాను, నాకే సిగ్గేసింది, సైజు కాస్త తగ్గించవే అన్నారు. కోడలు తెరమీదనుంచి కళ్లు తిప్పకుండానే కుదరదంది. కొడుకు వద్దన్నాడు. మామగారు అసలు ఒప్పుకోలేదు.

అత్తగారిని తగ్గించాలంటే ఆ ఇంట్లో ఇప్పుడు అత్తగారి మాట కూడా చెల్లదు.